నల్లచుక్క ఎక్కడిది? లోహాల లోపలి నిర్మాణం చూపే ఆటోరేడియోగ్రఫీ

(విజయవాడలో లోహశాస్త్ర విద్యార్థులు, ఆటోనగర్ ఫౌండ్రీ, మెషిన్ షాపుల సాంకేతిక సిబ్బంది ఎదుట ఇచ్చిన ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం.

ఇక్కడున్నవాళ్లలో సల్ఫర్ ప్రింట్ తీసినవాళ్లు కొందరైనా ఉంటారు. బ్రోమైడ్ కాగితాన్ని రెండు మూడు శాతం సల్ఫ్యూరిక్ ఆమ్లంలో నానబెట్టి, నున్నగా గ్రైండ్ చేసిన ఉక్కు ముఖం మీద పరిచి, కొన్ని నిమిషాలు కదలకుండా ఒత్తి ఉంచుతారు. మాంగనీస్ సల్ఫైడ్ ఉన్న చోటల్లా హైడ్రోజన్ సల్ఫైడ్ వాయువు పుట్టి, కాగితంలోని వెండిని గోధుమరంగు సిల్వర్ సల్ఫైడ్‌గా మారుస్తుంది. గంధకం ఎక్కడెక్కడ పోగుపడిందో కాగితం మీద మ్యాపులా దిగుతుంది. చవకైన, చక్కని పద్ధతి. కాకపోతే అది గంధకం వరకే. కార్బన్, బోరాన్, హైడ్రోజన్ ఎక్కడున్నాయో చూడాలంటే ఆమ్లం పనికిరాదు. ఆ మూలకం తన జాడ తానే చెప్పుకోవాలి. అలా చెప్పుకోవాలంటే దాని పరమాణువుల్లో కొన్నయినా రేడియోధార్మికమైనవి ఉండాలి. వాటి నుంచి వచ్చే కిరణాలు లోహానికి అంటించిన ఫోటో ఎమల్షన్‌లో, అంటే జెలటిన్‌లో వెండి లవణపు స్ఫటికాలు కలిపిన పూతలో, ముద్ర వేస్తాయి. ఆ ముద్రే ఆటోరేడియోగ్రాఫ్.

రేడియోగ్రఫీ అనగానే ఫౌండ్రీ వాళ్లకు ఇరిడియం-192 గుర్తొస్తుంది. అక్కడ కిరణం బయటి నుంచి వస్తుంది, లోహం అడ్డుపడుతుంది, ఫిల్ము మీద నీడ పడుతుంది. బ్లోహోలు, పగులు, ష్రింకేజీ ఆ నీడలో తెలుస్తాయి. భాస్వరం ఎక్కడుందో ఆ నీడ చెప్పలేదు. ఆటోరేడియోగ్రఫీలో కిరణం లోహంలోంచే పుడుతుంది, అదీ మనం ఎంచుకున్న మూలకం నుంచే.

చరిత్ర రెండు మాటల్లో చెప్పి ముందుకు వెళ్తాను. 1896లో బెకరెల్ నల్ల కాగితం చుట్టిన ప్లేటు మీద యురేనియం లవణం ముద్ర చూశాడు. అది కూడా ఒక విధంగా ఆటోరేడియోగ్రాఫే. 1913లో హెవెసీ, పానెత్ రేడియోధార్మిక సీసంతో మామూలు సీసాన్ని వెంబడించవచ్చని చూపారు. 1920 ప్రాంతంలో హెవెసీ అదే ఉపాయంతో సీసంలో సీసం పరమాణువులే ఎలా చోటు మారతాయో కొలిచాడు. అన్నీ ఒకేలాంటి పరమాణువులైనప్పుడు, వాటిలో కొన్నిటికి గుర్తు పెడితే తప్ప ఎవరు ఎటు వెళ్లారో తెలిసే దారి లేదు. 1943 రసాయనశాస్త్ర నోబెల్ ఆయనకు ఈ ట్రేసర్ (గుర్తు పెట్టిన పరమాణువులతో జాడ తీసే) పద్ధతికే వచ్చింది.

ఇక అసలు సంగతి. ఏ ఐసోటోపు (ఒకే మూలకంలో పరమాణు బరువు వేరైన రకం) వాడాలన్నది బొమ్మ ఎంత స్పష్టంగా వస్తుందన్న దాన్ని ముందే నిర్ణయించేస్తుంది. టార్చిని గోడకు ఆనించి వేస్తే వెలుగు చిన్న వృత్తంగా పడుతుంది. జానెడు వెనక్కి తెస్తే గోడంతా పరుచుకుంటుంది. లోహం లోతుల్లోంచి వచ్చే బీటా కిరణం (వేగంగా దూసుకొచ్చే ఎలక్ట్రాన్) సంగతీ అంతే: అది ఎంత లోతు నుంచి బయటపడగలిగితే బొమ్మ అంత మసకబారుతుంది. కార్బన్-14 బీటా గరిష్ఠ శక్తి 156 కిలో ఎలక్ట్రాన్ వోల్టులు. ఉక్కులో అది 35 మైక్రాన్లకు (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు) మించి ప్రయాణించలేదు, ఫిల్మును చేరే వాటిలో ఎక్కువ భాగం పై కొద్ది మైక్రాన్ల నుంచే వస్తాయి. గంధకం-35 కూడా దాదాపు ఇంతే, 167. భాస్వరం-32 అయితే 1,710. ఉక్కులో దాని పరిధి సుమారు ఒక మిల్లీమీటరు! అదే ట్రిటియం చూడండి, అంటే హైడ్రోజన్-3: 18.6 మాత్రమే. ఉక్కులో ఒక మైక్రాన్ కూడా దాటదు.

అందుకని భాస్వరం-32తో గ్రెయిన్ బౌండరీ (లోహంలోని స్ఫటికపు రేణువుల మధ్య సరిహద్దు) చూస్తామంటే కుదరదు. పోత దిమ్మలో డెండ్రైట్ (చెట్టులా పెరిగే స్ఫటికం) కొమ్మల మధ్య, చివర గడ్డకట్టిన ద్రవంలో భాస్వరం ఎలా చేరిందో చూడటానికి అది భేషుగ్గా సరిపోతుంది, ఎందుకంటే అక్కడ దూరాలు వందల మైక్రాన్లలో ఉంటాయి. మనం చూడదలచిన దూరం, ఐసోటోపు కిరణాల పరిధి ఈ రెండూ సరిపడాలి. పని మొదలుపెట్టకముందే కాగితం మీద వేయవలసిన లెక్క ఇది. ఫలితం మసకగా వచ్చాక ఎమల్షన్‌ను తిట్టుకుని లాభం లేదు.

రెండోది ఎడం. పెడనలో కలంకారీ అచ్చు వేసేవాళ్లు బట్ట కింద మెత్త సమంగా ఉందో లేదో చేత్తో తడిమి చూసుకుంటారు. అచ్చుకూ బట్టకూ మధ్య ఒక మూల వెంట్రుకవాసి ఎడం వచ్చినా అంచు చెదిరిపోతుంది. స్పెసిమెన్ (పరీక్షించే లోహపు ముక్క) ముఖానికీ ఎమల్షన్‌కూ మధ్య కూడా అంతే. ఫిల్మును స్పెసిమెన్‌కు ఆనించి బిగించే కాంటాక్ట్ పద్ధతిలో 20, 30 మైక్రాన్ల కన్నా మెరుగైన స్పష్టత ఆశించకండి. ఎమల్షన్‌ను లోహం మీదే అతికితే కొద్ది మైక్రాన్ల వరకు దిగవచ్చు. ట్రిటియం, అతి సన్నని వెండి హాలైడ్ స్ఫటికాల ఎమల్షన్, ఎలక్ట్రాన్ మైక్రోస్కోపు మూడూ కలిస్తే మైక్రాన్‌లో పదో వంతు దాకా వెళ్లవచ్చు.

ట్రేసర్‌ను లోహంలోకి ఎక్కించడానికి దారులు కొన్ని ఉన్నాయి. కరిగేటప్పుడే కలపవచ్చు. సెగ్రిగేషన్ (గడ్డకట్టేటప్పుడు మూలకం కొన్ని చోట్ల పోగుపడటం) చూడాలంటే ఇదే సరైన దారి, ఎందుకంటే ట్రేసర్ కూడా అసలు మూలకంతో పాటే గడ్డకట్టాలి. ఉపరితలం మీద ఎలక్ట్రోప్లేటింగ్‌గా పలచని పొర వేసి, వేడిచేసి లోపలికి వ్యాపింపజేయవచ్చు. కార్బన్-14 ఉన్న వాయువుతో కార్బురైజ్ చేయవచ్చు, అంటే ఉపరితలంలోకి కార్బన్ ఎక్కించవచ్చు. ఇంకో దారి, తయారైన స్పెసిమెన్‌ను రియాక్టర్లో న్యూట్రాన్లకు చూపించడం. ఇందులో ఒక చిక్కు ఉంది: మనకు కావలసిన మూలకమే కాదు, అన్నీ రేడియోధార్మికమవుతాయి. ఉక్కులో మాంగనీస్-56 మొదట అన్నిటినీ ముంచేస్తుంది. దాని అర్ధాయువు (సగం పరమాణువులు క్షీణించడానికి పట్టే కాలం) 2.6 గంటలు కాబట్టి, 26 గంటలు ఆగితే వెయ్యో వంతుకు పడిపోతుంది. టంగ్‌స్టన్-187 అర్ధాయువు 24 గంటలు, దాన్ని అప్పుడు హాయిగా చూడవచ్చు. ఇనుము-59 అర్ధాయువు 44.5 రోజులు, అది వెనక నేపథ్యంలా మిగిలే ఉంటుంది. ఇలా ఆగే సమయాన్ని మార్చి మార్చి రెండు మూడు ఆటోరేడియోగ్రాఫులు తీస్తే, ఏ నలుపు ఏ మూలకానిదో విడదీయవచ్చు.

వ్యాపనాన్ని గ్రెయిన్ బౌండరీల వెంట చూడాలనుకుంటే స్పెసిమెన్‌ను నిలువుగా కోయకండి. వాలుగా, ఉపరితలానికి 5 డిగ్రీల 44 నిమిషాల కోణంలో గ్రైండ్ చేయండి. లోతు పది రెట్లు సాగి కనిపిస్తుంది. వెండి వంటి లోహాల్లో గ్రెయిన్ బౌండరీ వెంట వ్యాపనానికి కావలసిన క్రియాశీలతా శక్తి (పరమాణువు చోటు మారడానికి కావలసిన శక్తి), గ్రెయిన్ లోపల కావలసిన దానిలో దాదాపు సగమే. అందుకే తక్కువ ఉష్ణోగ్రతలో ఎనీల్ చేస్తే (వేడిలో కొంతసేపు ఉంచితే) బౌండరీలు నల్లటి వేళ్లలా లోపలికి దిగి ఉంటాయి. ఎక్కువ ఉష్ణోగ్రతలో గ్రెయిన్ లోపలి వ్యాపనం పుంజుకుని వేళ్లు సమమైన పట్టీలో కలిసిపోతాయి.

పాలిషింగ్ గురించి కాస్త నెమ్మదిగా చెప్పాలి, చెడేది ఎక్కువగా ఇక్కడే. ఎమరీ పేపర్ల మీద తడిగానే రుద్దాలి. పొడిగా రుద్దితే రేడియోధార్మిక ధూళి గాలిలోకి లేస్తుంది. ట్రే, పేపర్లు, పాలిషింగ్ గుడ్డ అన్నీ ఆ స్పెసిమెన్‌కే కేటాయించాలి, తరవాత అవన్నీ రేడియోధార్మిక వ్యర్థాల్లోకే వెళ్లాలి. డైమండ్ పేస్టుతో ఒక మైక్రాన్ దాకా వచ్చాక ముఖం అద్దంలా మెరుస్తుంది కానీ, దాని మీద సాగదీసిన లోహపు పొర ఉంటుంది. సీసం, రాగి వంటి మెత్తని లోహాల్లో మరీ ఎక్కువ. ఆ పొరలో ట్రేసర్ ఒక చోటి నుంచి పక్క చోటికి పూసుకుపోయి ఉంటుంది. తక్కువ శక్తి బీటాలు చూసేది సరిగ్గా ఆ పొరనే! ఎలక్ట్రోపాలిష్ చేసి, అంటే విద్యుత్తుతో పై పొరను కరిగించి, దాన్ని తొలగించాలి. గట్టిగా ఎచ్ చేయవద్దు, అంటే రసాయనంతో ముఖాన్ని ఎక్కువగా కొరికించవద్దు. ఎచ్ చేస్తే గ్రెయిన్లు మెట్లు మెట్లుగా తయారవుతాయి, మెట్టు లోతున్న చోట ఎడం పెరుగుతుంది. ఆఖరున కడిగిన నీటి చుక్క ముఖం మీద ఆరిపోకూడదు. ఆ చుక్కలో కరిగిన ట్రేసర్ ఆరినచోట వలయంగా మిగిలి, లేని సెగ్రిగేషన్‌ను చూపిస్తుంది. ఆల్కహాల్‌తో కడిగి వెచ్చని గాలితో ఆరబెట్టండి.

తరవాత రక్షణ పొర. ఇనుము, జింకు, అల్యూమినియం, మెగ్నీషియం తడి ఎమల్షన్‌తో నేరుగా చర్య జరుపుతాయి. కిరణం లేకుండానే వెండి నల్లబడుతుంది. కొన్ని లోహాలు దీనికి తిరగబడిన పని చేస్తాయి: కిరణం వేసిన ముద్రను డెవలప్ కాకముందే చెరిపేస్తాయి. మొదటిది లేని మూలకాన్ని చూపిస్తుంది, రెండోది ఉన్న మూలకాన్ని దాచేస్తుంది. పలచగా కలిపిన కొలోడియన్‌లో (సెల్యులోజ్ నైట్రేట్ ద్రావణంలో) ముంచి తీస్తే అర మైక్రాన్ పొర వస్తుంది, కార్బన్-14కు అది అడ్డుకాదు. ట్రిటియంకు మాత్రం మైక్రాన్‌లో పదో వంతు కన్నా పలచగా ఉండాలి, లేకపోతే సిగ్నల్ పొరలోనే ఆగిపోతుంది.

ద్రవ ఎమల్షన్ వాడేటప్పుడు ముదురు సేఫ్‌లైట్ కింద 40 నుంచి 43 డిగ్రీల దగ్గర కరిగించి, అంతే నీరు కలిపి, బుడగలు పోయేదాకా కదిలించకుండా ఉంచి, స్పెసిమెన్‌ను ముంచి సమవేగంతో పైకి తీయాలి. వేగం మారితే మందం మారుతుంది, మందం మారితే నలుపు మారుతుంది, దాన్ని గాఢతలో తేడా అనుకుంటాం. ఆరాక సిలికా జెల్‌తో పాటు కాంతి చొరని పెట్టెలో పెట్టి 4 డిగ్రీల ఫ్రిజ్‌లో ఉంచాలి. తేమ, వేడి కలిస్తే గుప్తముద్ర (ఇంకా డెవలప్ చేయని ముద్ర) ఆక్సీకరణతో కరిగిపోతుంది. మన ఊరి వానాకాలం తేమకు సిలికా జెల్ త్వరగా గులాబీ రంగులోకి తిరుగుతుంది. పెట్టె మూసేముందు వేయించి నీలంగా ఉన్నదే వేయండి.

ఎక్స్‌పోజర్ ఎంత? చదరపు సెంటీమీటరుకు కోటి బీటాలు తగిలితే ఎక్స్‌రే ఫిల్ము మీద చక్కగా చదవగల నలుపు వస్తుందని ఒక మోటు లెక్క పెట్టుకోండి. స్పెసిమెన్ నుంచి చదరపు సెంటీమీటరుకు సెకనుకు 100 బీటాలు వస్తున్నాయంటే లక్ష సెకన్లు కావాలి, అంటే సుమారు 28 గంటలు. సన్నని ఎమల్షన్‌కు ఇంతకన్నా చాలా ఎక్కువ కావాలి. ఒకే స్పెసిమెన్ నుంచి మూడు ముక్కలు చేసి ఒకటి, మూడు, పది నిష్పత్తిలో ఎక్స్‌పోజ్ చేయడం మంచి అలవాటు. అర్ధాయువు తక్కువైనదాన్ని ఎంతకాలం ఉంచినా ఒరిగేది లేదు. మొదటి అర్ధాయువులో మొత్తంలో సగం, రెండో దానిలో పావు వచ్చేస్తాయి. ఆపైన నేపథ్యపు మచ్చలే పెరుగుతాయి.

డెవలపింగ్‌కు డి-19 అనే డెవలపర్, 20 డిగ్రీల దగ్గర సుమారు 5 నిమిషాలు. ఒక శాతం ఎసిటిక్ ఆమ్లంలో ఆపి, 30 శాతం హైపోలో (సోడియం థయోసల్ఫేట్ ద్రావణంలో) ఫిక్స్ చేస్తారు. ఇదంతా పుస్తకంలో చదివితే తేలికే. మే నెలలో విజయవాడ ఓవర్‌హెడ్ ట్యాంకు నీళ్లు చెయ్యి పెట్టలేనంత వేడిగా ఉంటాయి. జెలటిన్ 25 డిగ్రీలు దాటితే ఉబ్బుతుంది, ఇంకా వేడైతే మెత్తబడి లోహం మీది నుంచి జారిపోతుంది. డెవలపర్ 20 డిగ్రీల దగ్గర ఉండి, కడిగే నీళ్లు 32 ఉంటే జెలటిన్ ముడతలు పడి వలలా చీలుతుంది. ఆ వల గ్రెయిన్ బౌండరీల అల్లికలాగే ఉంటుంది! అందుకని డెవలపర్, స్టాప్, ఫిక్సర్, కడిగే నీళ్లు నాలుగూ ముందురోజే ఐసు ట్రేలో పెట్టి ఒకే ఉష్ణోగ్రతకు తేవాలి. ఒక డిగ్రీకి మించి తేడా ఉండనివ్వకండి. డెవలపర్ క్షారం కనుక అల్యూమినియంను తింటుంది, ఎసిటిక్ ఆమ్లం ఇనుమును తుప్పు పట్టిస్తుంది. కొలోడియన్ పొరలో ఒక్క సూదిబెజ్జం ఉన్నా అక్కడినుంచి గోధుమ మచ్చ పాకుతుంది.

ఇంత జాగ్రత్త పడ్డాక కూడా వచ్చిన ప్రతి నల్లచుక్కను నమ్మకూడదు. మూడు సాక్షులను పక్కన కూర్చోబెట్టాలి. ట్రేసర్ లేని అదే లోహపు ముక్క మీద అదే ఎమల్షన్: అది నల్లబడితే ఆ నలుపు రసాయనానిది. ట్రేసర్ లేని ముక్క మీద ముందే వెలుతురుకు లేదా కిరణానికి సమంగా చూపించిన ఎమల్షన్: దానిలో తెల్ల మచ్చలు వస్తే లోహం ముద్రను చెరిపేస్తోందని అర్థం. గాజు పలక మీద ఒట్టి ఎమల్షన్: అది నేపథ్యం ఎంతో చెబుతుంది. ఈ మూడూ లేని ఆటోరేడియోగ్రాఫ్‌ను ఎంత అందంగా ఉన్నా సాక్ష్యంగా తీసుకోకండి. ఇంకొకటి: స్పెసిమెన్‌నూ ఫిల్మునూ సరిపోల్చడానికి విక్కర్స్ గుంటలతో (గట్టిదనం కొలిచే వజ్రపు మొన చేసే గుంటలతో) గుర్తులు పెడతారు, మంచిదే. కానీ గుంట అంచు పైకి లేచి ఎమల్షన్‌ను నొక్కుతుంది, ఒత్తిడికి కూడా వెండి నల్లబడుతుంది. గుర్తులను చూడదలచిన చోటికి దూరంగా పెట్టండి.

ఈ పద్ధతి నేటికీ బాగా పనికొచ్చే చోటు బోరాన్. ఉక్కులో 5 నుంచి 30 పీపీఎం (పది లక్షల్లో వంతులు) బోరాన్ వేస్తే హార్డెనబిలిటీ, అంటే చల్లార్చినప్పుడు లోతు దాకా గట్టిపడే గుణం, పెరుగుతుంది. అది ఆస్టెనైట్ (ఉక్కు బాగా వేడిగా ఉన్నప్పటి రూపం) గ్రెయిన్ బౌండరీలకు చేరి, అక్కడ ఫెర్రైట్ (చల్లారేటప్పుడు వచ్చే మెత్తని రూపం) పుట్టడాన్ని ఆలస్యం చేస్తుంది. నైట్రోజన్ దొరికితే బోరాన్ నైట్రైడ్‌గా కట్టుబడి పనికిరాకుండా పోతుంది, అందుకే నైట్రోజన్‌ను పట్టుకోవడానికి టైటానియం వేస్తారు. ఎక్కువైతే బోరోకార్బైడ్లుగా బౌండరీల మీద కూర్చుంటుంది. ఇంత కొద్ది మోతాదు, ఇంత తేలిక మూలకం మామూలు ఎలక్ట్రాన్ ప్రోబుకు (ఎలక్ట్రాన్ పుంజంతో మూలకాలను గుర్తించే పరికరానికి) చిక్కడం కష్టం.

ఇక్కడ బోరాన్‌ను రేడియోధార్మికం చేయనక్కరలేదు. సహజ బోరాన్‌లో ఐదో వంతు బోరాన్-10. ఒక థర్మల్ (వేగం తగ్గిన) న్యూట్రాన్ తగలగానే అది ఆల్ఫా కణంగా, లిథియంగా చీలుతుంది. దాని న్యూట్రాన్ పట్టు 3,800 బార్న్‌ల (న్యూట్రాన్‌ను పట్టే అవకాశానికి కొలమానం) పైమాటే, ఇనుముది మూడు బార్న్‌ల లోపు. పాలిష్ చేసిన స్పెసిమెన్ మీద సెల్యులోజ్ నైట్రేట్ లేదా సీఆర్-39 ప్లాస్టిక్ ముక్క బిగించి రియాక్టర్ థర్మల్ కాలమ్‌లో (వేగం తగ్గిన న్యూట్రాన్లే ఎక్కువగా అందే చోట) పెడతారు. ఆల్ఫా ప్లాస్టిక్‌లో గాయం చేస్తుంది. కాస్టిక్ సోడాలో ఎచ్ చేస్తే ఆ గాయం గుంటగా విచ్చుకుంటుంది. సీఆర్-39కు 6.25 నార్మల్ ద్రావణం, 70 డిగ్రీలు వాడుక. ఉక్కులో ఈ ఆల్ఫా మూడు మైక్రాన్లు కూడా దాటదు, కాబట్టి బొమ్మ పదును. పది పీపీఎం బోరాన్ సమంగా పరుచుకున్న ఉక్కుకు లెక్క వేస్తే, చదరపు సెంటీమీటరుకు కోటి కోట్ల న్యూట్రాన్లు తగిలినప్పుడు వంద చదరపు మైక్రాన్లలో పాతిక దాకా ఆల్ఫా గుంటలు వస్తాయి. బౌండరీలో పోగుపడితే ఆ గుంటలు వరస కడతాయి. గామా కిరణాలు ఈ ప్లాస్టిక్‌ను పట్టించుకోవు, అదొక పెద్ద సుఖం. వేగపు న్యూట్రాన్లు ఎక్కువైతే మాత్రం ప్లాస్టిక్‌లోని హైడ్రోజన్‌నే కొట్టి అదనపు గుంటలు చేస్తాయి. థర్మల్ కాలమ్ కావాలనడం అందుకే. ఎచింగ్ ఎక్కువసేపు చేస్తే గుంటలు పెరిగి ఒకదానిలో ఒకటి కలిసిపోతాయి, లెక్కపెట్టడం అసాధ్యమవుతుంది.

ఈ పద్ధతి బాగా పనికొచ్చే రెండో చోటు హైడ్రోజన్. ట్రిటియం కలిపిన నీటితో ఉక్కును కాథోడ్‌గా పెట్టి ఎలక్ట్రోలిసిస్ చేస్తే ట్రిటియం లోపలికి ఎక్కుతుంది. శుద్ధమైన ఇనుములో హైడ్రోజన్ గది ఉష్ణోగ్రతలోనే మిల్లీమీటరు మందాన్ని నిమిషాల్లో దాటేస్తుంది. కాబట్టి ఎమల్షన్ పూసి రోజులు ఆగితే కనిపించేది స్వేచ్ఛగా తిరిగే హైడ్రోజన్ కాదు. కార్బైడ్ అంచుల్లో, సల్ఫైడ్ ఇంక్లూజన్ల (లోహంలో చిక్కిన పరాయి రేణువుల) చుట్టూ, గ్రెయిన్ బౌండరీల్లో చిక్కుబడినదే కనిపిస్తుంది. హైడ్రోజన్ వల్ల ఉక్కుకు వచ్చే పెళుసుదనాన్ని వెతికేవాళ్లకు తెలియవలసిందీ అదే. ఇక్కడ రసాయన నలుపు మరీ ప్రమాదం. బయటికొచ్చే హైడ్రోజన్ పరమాణువే వెండి బ్రోమైడ్‌ను వెండిగా మార్చేస్తుంది. మామూలు హైడ్రోజన్ ఎక్కించిన ముక్కను పక్కన పెట్టి పోల్చకపోతే రెండూ కలిసిపోతాయి. ఈ లోపాన్నే పనిముట్టుగా చేసుకుని, రేడియోధార్మికత అసలే లేకుండా హైడ్రోజన్ బయటికొచ్చే చోట్లను చూపే హైడ్రోజన్ మైక్రోప్రింట్ పద్ధతి పుట్టింది. ట్రిటియం అనుమతి దొరకని ల్యాబులకు అది నిజమైన ప్రత్యామ్నాయం.

ఆటోనగర్ నుంచి వచ్చినవారికి ఒక మాట. 1951లో రాబినోవిచ్, టేబర్ రేడియోధార్మిక లోహాన్ని మామూలు లోహం మీద జార్చి, ఎంత లోహం అటు అంటుకుందో ఆటోరేడియోగ్రఫీతో చూశారు. అంటుకున్నది పూతలా సమంగా లేదు, విడివిడి తునకలుగా ఉంది. మంచి లూబ్రికెంట్ వేస్తే ఘర్షణ తగ్గిన దానికన్నా లోహ బదిలీ ఎన్నో రెట్లు ఎక్కువగా తగ్గింది. ఘర్షణ అంకె ఒక్కటే చూసి ఆయిల్‌ను ఎంచుకుంటే అరుగుదల గురించి దాదాపు ఏమీ తెలుసుకోనట్టే.

అనుమతుల విషయం. ఐసోటోపులు మన దేశంలో బ్రిట్ (రేడియేషన్, ఐసోటోపు టెక్నాలజీ బోర్డు) ద్వారా వస్తాయి, వాడాలంటే ఏఈఆర్‌బీ (అణుశక్తి నియంత్రణ బోర్డు) అనుమతి ఉండాలి. పనిచేసేవారు ఒంటికి తగిలిన రేడియేషన్‌ను కొలిచే టీఎల్‌డీ బ్యాడ్జీ పెట్టుకోవాలి. రేడియేషన్ మోతాదు పరిమితి ఐదేళ్ల సగటున ఏడాదికి 20 మిల్లీసీవర్ట్‌లు, ఏ ఒక్క ఏడాదిలోనూ 30 దాటకూడదు. భాస్వరం-32కు సెంటీమీటరు మందం యాక్రిలిక్ అడ్డం పెట్టండి. సీసం పెడితే బీటా దానిలో ఆగుతూ ఎక్స్‌రేలు పుట్టిస్తుంది. ట్రిటియం గైగర్ కౌంటర్‌కు తెలియదు, బ్యాడ్జీకీ తెలియదు. బల్లను తుడిచిన కాగితాన్ని లిక్విడ్ సింటిలేషన్ కౌంటర్‌లో చూస్తేనే దాని జాడ తెలుస్తుంది.

ఒక ప్రశ్న చీటీ వచ్చింది: "అల్యూమినియం-సిలికాన్ పిస్టన్ మిశ్రమంలో సిలికాన్‌ను ఇలా చూడవచ్చా?" చూడలేం. సిలికాన్-31 అర్ధాయువు 2.6 గంటలే, బీటా శక్తి 1,500 కిలో ఎలక్ట్రాన్ వోల్టుల దగ్గర. అల్యూమినియంలో అది రెండు మిల్లీమీటర్లు దాటుతుంది. సిలికాన్ స్ఫటికాలు మామూలు మైక్రోస్కోపులోనే కనబడతాయి కూడా. మాడిఫికేషన్‌కు (సిలికాన్ స్ఫటికాలను సన్నగా చేయడానికి) వేసే స్ట్రాన్షియం ఎక్కడ చేరిందన్నది ఇంతకన్నా మంచి ప్రశ్న. స్ట్రాన్షియం-89 అర్ధాయువు 50.5 రోజులు, సమయం చాలు, కానీ బీటా శక్తి మళ్లీ అంతే. దారి ఒకటుంది: స్పెసిమెన్‌ను 20 మైక్రాన్ల రేకుగా పలచన చేయడం. అప్పుడు లోతు నుంచి వచ్చే మసక ఉండదు, స్పష్టతను రేకు మందం, ఎమల్షన్ మందం నిర్ణయిస్తాయి. రేకులో పరమాణువులు తక్కువ కనుక ఎక్స్‌పోజర్ వారాలకు పెరుగుతుంది. అంత పలచని అల్యూమినియం రేకు డి-19 క్షారంలో నిలవదు కాబట్టి, రెండు వైపులా కొలోడియన్ పూసి, ముందు ట్రేసర్ లేని రేకుతో ఒకసారి డెవలప్ చేసి చూసుకోండి.